మెడ మీద సుడి

మొన్న గంటస్తంభం దగ్గర ఫ్యాన్సీ షాపులో బ్లేడ్ల ప్యాకెట్టు కొంటుంటే, పక్కన నిలబడ్డ కుర్రాడు ఇరవై ఏళ్లవాడు, "అంకుల్, ఇవి ఇంకా వాడుతున్నారా?" అని అడిగాడు. వాడి మెడ చూశాను. దవడ కింద ఎర్రగా పొక్కులు, వాటిలో రెండు చీము పట్టాయి. చేతిలో మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జిల ప్యాకెట్టు, అంటే పిడికి తగిలించుకునే బ్లేడు తలలు, ధర చూసి వెనక్కి పెట్టాలా వద్దా అన్నట్టు తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఆ మెడ నాకు తెలుసు. పదిహేనేళ్లకు పైగా నేను మోసిన మెడ అది. షాపులో జనం, నా వెనక ఇంకో ఇద్దరు, రెండు ముక్కలు మాత్రమే చెప్పగలిగాను. మిగతాదంతా ఇంటికొచ్చాక గుర్తొస్తూనే ఉంది, అందుకే రాస్తున్నాను.

మా నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవారు. మేం విజయనగరంలో ఉండేవాళ్లం, ఆయన సైకిల్ మీద వెళ్లొచ్చేవారు. రోజూ గడ్డం గీసుకునేవారు, ఆదివారం కూడా. మా వీధిలో మిగతా మగవాళ్లు వారానికి రెండుసార్లు గీయించుకుంటే గొప్ప. "ఈయనకెందుకమ్మా రోజూ ఈ తంతు" అని పక్కింటి పిన్ని అమ్మను అడిగితే అమ్మ చెప్పేది, మిల్లులో జనపనార నుసి గాల్లో తేలుతూ ఉంటుందట, రెండు రోజుల గడ్డం ఉంటే చాలు అందులో చిక్కుకుని ఒకటే దురదట. చిన్నప్పుడు నాన్న ఇంటికి రాగానే ఆయన చొక్కా కాలరు మీద, కనుబొమల మీద గోధుమరంగు నుసి కనిపించేది నాకు. గడ్డం మీద మాత్రం ఉండేది కాదు.

అరుగు మీద కూర్చునేవారు. కిటికీ ఊచకి పురికొసతో కట్టిన చేతెడు అద్దం, ఒక గ్లాసుడు నీళ్లు, ప్లాస్టిక్ గిన్నెలో గుండ్రటి షేవింగు సబ్బు, వెంట్రుకలు సగం రాలిపోయిన బ్రష్షు, పటిక ముక్క. అంతే సరంజామా. కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో ఎప్పుడు రావో అన్నట్టుండేవి కాబట్టి గడ్డానికి గ్లాసుడు నీళ్లే లెక్క, ఆ గ్లాసులోనే బ్రష్షు తడపాలి, అందులోనే రేజరు ఆడించాలి. ముందు తడిగుడ్డ ముఖానికి కప్పుకుని కాసేపు అలా ఊరికే కూర్చునేవారు. ఆ టైములో మేం ఏం అడిగినా "ఊఁ" అనడమే తప్ప మాట ఉండేది కాదు. అది ఆయన విశ్రాంతి అనుకునేవాణ్ని. గడ్డాన్ని నానబెడుతున్నారని నాకు ముప్పై ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

రేజరు మూడు ముక్కలది. పిడి తిప్పితే పై రేకు ఊడుతుంది, మధ్యలో బ్లేడు పెట్టి, కింద రేకు పెట్టి, మళ్లీ పిడి బిగించాలి. ఇత్తడి మీద నికెల్ పూత, పట్టుకునే చోట పూతంతా అరిగిపోయి పసుపుగా కనిపించేది. బ్లేడుకు రెండు కాగితాలు, పైన రంగు కాగితం, లోపల మైనపు కాగితం. ఆ మైనపు కాగితం కోసం నేనూ చెల్లీ కొట్టుకునేవాళ్లం. కొత్త బ్లేడు తీసే రోజు మాకు పండగలాంటిది, ఎందుకంటే అది నెలకి రెండుసార్లే వచ్చేది. బ్లేడు మొద్దుబారుతోందనిపిస్తే నాన్న ఒక గాజు గ్లాసు తీసుకుని, లోపలి గోడకి బ్లేడుని వేలితో ఆనించి అటూ ఇటూ రుద్దేవారు. సన్నగా కీచుమనే ఆ చప్పుడు ఇప్పుడు తలుచుకున్నా పళ్లు పులుస్తాయి. అలా రుద్దిన బ్లేడు ఇంకో నాలుగు రోజులు వచ్చేది. అది కూడా అయిపోయాక పాత పౌడరు డబ్బాలోకి వెళ్లేది. అమ్మ కుట్లు విప్పడానికి ఒకటి తీసుకునేది, నా పెన్సిలుకి ఒకటి, అదీ సగానికి విరిచి.

నాకు పదిహేడో ఏట నాన్న ఆ రేజరు చేతికిచ్చి ఒకే ఒక్క మాట చెప్పారు. "నొక్కకురా. బరువు దానికే ఉంది." నేను నొక్కాను. గడ్డం మీద మూడు చోట్ల తెగింది, న్యూస్‌పేపర్ ముక్కలు చింపి అంటించుకుని ఎం.ఆర్. కాలేజీకి వెళ్లాను. ఆ సాయంత్రమే ప్లాస్టిక్ రేజరు కొనుక్కున్నాను, నీలం రంగుది, వాడి పారేసేది. నాన్న ఏమీ అనలేదు.

అక్కణ్ణుంచి మొదలైంది నా వెతుకులాట. డిగ్రీ అయ్యాక మెడికల్ రిప్రజెంటేటివ్‌గా చేరాను. ఆ ఉద్యోగానికి మొదటి షరతు నున్నటి గడ్డం, రెండో షరతు టై. పొద్దున్నే కాంప్లెక్స్‌లో బస్సెక్కి బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, గజపతినగరం, ఒక్కోసారి రాజాం, పాలకొండ. రాత్రికి ఏదో ఒక లాడ్జి. డిసెంబరులో సాలూరు లాడ్జిలో తెల్లవారుజామున బకెట్టు నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయేవి. ఆ నీళ్లతోనే ముఖం తడుపుకుని, సబ్బు రాసి, ఆరున్నర బస్సు అందుకోవాలని గబగబా గీసేసుకునేవాణ్ని. వాడి పారేసే రేజరు రెండో రోజుకే వెంట్రుకను కొయ్యకుండా లాగేది. రెండు బ్లేడ్ల కార్ట్రిడ్జిది కొన్నాను. మగ్గులో ముంచి ఆడిస్తే బ్లేడ్ల మధ్య ఇరుక్కున్న వెంట్రుకలు బయటికి వచ్చేవి కావు, పారే కుళాయి కింద పెడితేనే పోయేవి. లాడ్జి కుళాయిలో ఆ టైముకి నీళ్లు ఉండవు. చీపురుపుల్లతో పొడిచి తీసిన రోజులున్నాయి.

తర్వాత జీతం కొంచెం పెరిగాక మూడు బ్లేడ్లది కొన్నాను. కొన్న రోజు నిజంగా చాలా బావుంది, బుగ్గ మీద చెయ్యి వేస్తే జారిపోయింది. నాలుగో రోజుకి మెడ మీద పొక్కులు. అప్పుడు నాకు అర్థం కాలేదు గానీ తర్వాత ఒక చర్మం డాక్టరుగారు, నేను మందుల శాంపిళ్లు ఇవ్వడానికి వెళితే, నా మెడ చూసి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. మొదటి బ్లేడు వెంట్రుకను పట్టుకుని కొంచెం పైకి లాగి కోస్తుంది, అది వెనక్కి జారేలోపు రెండో బ్లేడు ఇంకొంచెం కోస్తుంది. అప్పుడు వెంట్రుక కొస చర్మం కిందికి పోతుంది. వెంట్రుకలు నిటారుగా ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు, అందుకే చాలామందికి అవే సుఖంగా ఉంటాయి. నాలా ఉంగరాల గడ్డమైతే ఆ కొస బయటికి రాకుండా లోపలే వంకర తిరిగి చర్మాన్ని పొడుస్తుంది. పొక్కు వచ్చేది అందుకే. నేనేమో పొక్కు వచ్చినప్పుడల్లా రేజరు మొద్దుబారిందనుకుని కొత్త కార్ట్రిడ్జి పెట్టేవాణ్ని. నాలుగు కార్ట్రిడ్జిల ప్యాకెట్టు కొన్న నెల ఇంట్లో ఏదో ఒకటి ఆగిపోయేది. పెళ్లయి, బాబు పుట్టాక అది మరీ కష్టమనిపించింది. పాల డబ్బా కొనాల్సిన డబ్బులు గడ్డానికి పెట్టడం ఏ తండ్రికి మనసొప్పుతుంది?

2010 చివర్లో జిల్లెట్ గార్డ్ అనే రేజరు వచ్చింది. రేజరు 15 రూపాయలు, కార్ట్రిడ్జి 5 రూపాయలు. మన దేశంలో మగవాళ్లు ఎలా గడ్డం గీసుకుంటారో ఆ కంపెనీవాళ్లు ఇళ్లకు వచ్చి చూసి మరీ తయారు చేశారని పేపర్లో చదివాను. నేల మీద కూర్చుని, చిన్న అద్దం పెట్టుకుని, గ్లాసుడు నీళ్లతో. అచ్చం మా అరుగు. ఒకటే బ్లేడు, ముందు దువ్వెన పళ్లలాంటి అంచు, గ్లాసులో ఆడిస్తే శుభ్రపడేలా వెనక ఖాళీ. నాకు చాలా నచ్చింది, ఆ ధరకి అలాంటి వస్తువు దొరకడం గొప్పే అని ఇప్పటికీ అంటాను, దారిలో ప్రయాణానికి ఇప్పటికీ అదే పెట్టుకుంటాను. పొక్కులు సగం తగ్గాయి. కుడివైపు మొత్తం పోయాయి. ఎడమ మెడ కింద, గొంతు పక్కన, రూపాయి బిళ్లంత చోట మాత్రం తగ్గలేదు.

ఆ రూపాయి బిళ్లంత చోటు సంగతి తేల్చింది డాక్టరూ కాదు, కంపెనీ కాదు. మా వీధి చివర సెలూన్ తాత.

చిన్నప్పుడు మా అందరికీ జుట్టు కత్తిరించింది ఆయనే. అప్పట్లో కత్తి ఉండేది, కుర్చీకి వేలాడే తోలుపట్టీ మీద టపటపా నూరి పెట్టేవారు. తొంభైల్లో ఎయిడ్స్ భయం వచ్చాక కత్తి పక్కన పెట్టేసి, బ్లేడుని సగానికి విరిచి పెట్టుకునే పిడి తెచ్చుకున్నారు. ప్రతి మనిషికీ కొత్త సగం, అది మన కళ్ల ముందే విరిచేవారు. 2011 దసరా రోజుల్లో ఆ చోట చీము పట్టి వాచింది, మందులు వేసుకుని రెండు వారాలు గడ్డం ముట్టుకోలేదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర మంగళవారం కదా, ఆ రోజు మా దగ్గర సెలూన్లు ఉండవు, గడ్డం గీసుకునేవాళ్లూ ఉండరు, అందుకని ముందు రోజు, సోమవారం, తొలేళ్ల నాడు, ఊరు ఊరంతా సెలూన్ల ముందే ఉంటుంది. చుట్టాలొస్తారు, ఈ గడ్డంతో ఎలాగని నేనూ వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. నా వంతు వచ్చేసరికి రాత్రి ఎనిమిదయింది. బయట తప్పెట్లు, ఘటాల సందడి.

తాత కుర్చీ వెనక్కి వాల్చి, వేడినీళ్ల గుడ్డ వేసి, తీసి, బ్లేడు ముట్టుకోలేదు. బొటనవేలితో నా మెడ మీద నెమ్మదిగా రాస్తూ పోయారు. పై నుంచి కిందకి, కింద నుంచి పైకి, పక్కకి. కళ్లు గోడ వైపు ఉన్నాయి, వేలు మాత్రం కదులుతోంది, వడ్లలో రాళ్లు వెతికినట్టు. ఎడమ పక్క ఆ చోటికి రాగానే వేలు ఆగింది.

"ఏటి బావూ, ఇక్కడ పైనించి కిందకి గీత్తన్నావా?"

"అవును తాతా. అందరూ అలాగే కదా గీసుకుంటారు."

"నీకిక్కడ సుడుంది. నెత్తి మీద సుడున్నట్టే మెడ మీదా ఉంటాది కొందరికి. ఈ ఎంట్రుకలు పైకెల్తన్నాయి, నువ్వు కిందకి గీత్తన్నావు. మీ నానకీ ఉంది ఇలగే. ఆయన గీసుకున్నప్పుడు చూసీవోడివి కాదా?"

నా చెయ్యి పట్టుకుని నా వేలినే అక్కడ ఆనించారు. రెండు వారాల గడ్డం కాబట్టి బాగా తెలిసింది. గొంతు మధ్య నుంచి వెంట్రుకలు కిందకి దిగుతూ, ఎడమకి రాగానే మెలితిరిగి, చెవి వైపు పైకి లేస్తున్నాయి. నలభై ఏళ్లుగా నా ఒంటి మీద ఉన్నదే. రోజూ అద్దంలో చూసుకున్నదే. పదిహేనేళ్లుగా ప్రతి పొద్దునా ఆ చోట వెంట్రుకలకు ఎదురు గీస్తున్నానన్నమాట, కొన్నేళ్లు మూడు బ్లేడ్లతో కూడా, నొక్కి మరీ.

ఆ రాత్రి ఇంటికెళ్లి నాన్నని అడిగాను. అప్పటికి ఆయన రిటైరయి చాలా కాలమైంది, మోకాళ్ల నొప్పులతో అరుగు మీద కూర్చోవడం మానేసి, వారానికోసారి ఆ తాత దగ్గరే గీయించుకుంటున్నారు. "నీకూ వచ్చిందా అది" అన్నారు, ఏదో పొలం వాటా గురించి మాట్లాడుతున్నట్టు. అప్పుడు గుర్తొచ్చింది. గీసుకునేటప్పుడు నాన్న ఎడమ మెడ దగ్గరికి వచ్చేసరికి రేజరు తిరగేసి పట్టుకునేవారు. మోచెయ్యి పైకి లేచేది. నేను అది రేజరు అటువైపు అంచు వాడటానికి అనుకున్నాను.

పాత రేజరు ఏదని అడిగితే, "అదెందుకురా, కొత్తవి కొనుక్కో" అన్నారు. అమ్మ అటక మీద నాన్న మిల్లుకి తీసుకెళ్లిన టిఫిను క్యారేజీ దించింది, అందులో ఉంది, చిన్న తుండుగుడ్డలో చుట్టి. మరల సందుల్లో ఎండిపోయిన సబ్బు, పిడి మీద పచ్చటి చిలుము. అమ్మ పూజ సామాను తోమినట్టే చింతపండు పెట్టి తోమింది, మూడు ముక్కలు విడదీసి, పాత టూత్‌బ్రష్షుతో మరలన్నీ గీకి, వేడినీళ్లలో వేసి, చీర చెంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. పూత ఇంకా కాస్త పోయింది. బరువు మాత్రం అలాగే ఉంది.

ఈసారి నొక్కలేదు.

దాని వెనక కథ తర్వాత్తర్వాత చదివాను. దీన్ని తలపెట్టిన కింగ్ క్యాంప్ జిల్లెట్ కూడా నాలాగే బ్యాగు పట్టుకుని ఊళ్లు తిరిగిన సేల్స్ ఉద్యోగి అని తెలిసినప్పుడు, ఆయనెవరో మా రూమ్మేట్ అన్నంత దగ్గరగా అనిపించింది. 1895లో ఒక పొద్దున మొద్దుబారిన కత్తితో గడ్డం గీసుకుంటుంటే పలచటి రేకులాంటి బ్లేడు ఆలోచన వచ్చిందట. అంత పలచటి ఉక్కుకి పదును పెట్టడం కుదరదని అందరూ అన్నారు. అమెరికాలో పేరున్న సాంకేతిక విద్యాసంస్థ ఎం.ఐ.టి.లో చదువుకున్న నికర్సన్ అనే ఇంజనీరు దాన్ని సాధించాడు. 1903లో, అమ్మిన మొదటి ఏడాది, 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే పోయాయి. 1904లో పేటెంటు వచ్చింది. తర్వాత సంగతి మనకు తెలిసిందే. నాకు ముఖ్యమనిపించేది ఏంటంటే, ఆ రెండంచుల బ్లేడు ఆకారం ఇప్పుడు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. టోపాజ్ కొనండి, సెవనో క్లాక్ కొనండి, ఇంకేదైనా కొనండి, నాన్న రేజరులో కూర్చుంటుంది. కార్ట్రిడ్జి అలా కాదు, ఒకసారి పిడి కొన్నామంటే ఆ కంపెనీ ఎంత అంటే అంత పెట్టాలి. రెండంచుల బ్లేడు ఒక్కోటి రెండు మూడు రూపాయలు. నాకు ఒక్కోటి ఆరు గడ్డాలకు వస్తుంది, అంటే నెలకి ఐదు బ్లేడ్లు, పదిహేను రూపాయల లోపు. నాన్న రేజరు లాంటిది లేనివాళ్లకి మూడు నాలుగు వందలకి మంచి లోహం రేజరు దొరుకుతోంది, ఒకసారి కొంటే మనవలు కూడా వాడొచ్చు.

బ్లేడుని గ్లాసుకి రుద్దడం నేను చెయ్యను. కానీ అది ఎందుకు మొద్దుబారుతుందో తెలుసుకోవాలని ఉండేది, ఉక్కు ఎక్కడ, వెంట్రుక ఎక్కడ. 2020లో అదే ఎం.ఐ.టి. పరిశోధకులు మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. వెంట్రుక ఉక్కు కన్నా 50 రెట్లు మెత్తన, అయినా అది అంచుకి ఏటవాలుగా వంగి తగిలినప్పుడు, ఆ అంచులో అప్పటికే ఉన్న సన్నటి లోపాల దగ్గర ఉక్కు చిట్లుతుందట. అరగడం కన్నా చిట్లడమే ఎక్కువట. ఇది చదివాక తడిగుడ్డ కింద "ఊఁ" అంటూ కూర్చున్న నాన్న గుర్తొచ్చారు. వెంట్రుకను అంతసేపు నీళ్లతో నానబెడితే మెత్తబడి సులువుగా తెగుతుంది. ఆయన ఒక్క బ్లేడుతో రెండు వారాలు లాగించారంటే ఆ గుడ్డ పుణ్యం కూడా ఉండుంటుంది.

కుర్రాడికి షాపులో చెప్పలేకపోయింది ఇదే. బాబూ, ముందు నాలుగు రోజులు గడ్డం పెరగనియ్యి, పరీక్షలు, ఇంటర్వ్యూలు లేనప్పుడు చూసుకుని. కళ్లు మూసుకుని వేలితో మెడంతా తడుముకో, ఎటు రాస్తే నున్నగా ఉందో అటే వెంట్రుక దారి. ఎక్కడైనా మెలి తిరిగితే ఆ చోటు గుర్తు పెట్టుకో. గోరువెచ్చని నీళ్ల గుడ్డ రెండు మూడు నిమిషాలు. సబ్బో క్రీమో ఏదైనా సరే, బ్రష్షుతో బాగా నురగ రానియ్యి. ఒకే బ్లేడు, వెంట్రుక దారినే, నొక్కకుండా, చిన్న చిన్నగా, రెండు గీతలకోసారి నీళ్లలో ఆడిస్తూ. అయ్యాక చన్నీళ్లు, తడి పటిక. పటిక భగ్గుమని మండిందంటే ఎక్కడో నొక్కావని అర్థం, రేపు ఆ చోట చెయ్యి తేలిక చెయ్యి. పొక్కులున్నంత కాలం గీయకు, చీము పట్టినవి ఉంటే డాక్టరుకి చూపించు, గోళ్లతో మాత్రం గిల్లకు. ఈ పని పది నిమిషాలదే. ఆ పది నిమిషాలు లేవని నేను పదిహేనేళ్లు నెత్తురు తుడుచుకున్నాను.

సెలూన్ తాత పోయి ఐదేళ్లయింది. ఇప్పుడు వాళ్లబ్బాయి నడుపుతున్నాడు, ఏసీ పెట్టాడు, పెద్ద అద్దాలు వచ్చాయి. మెడ మీద వేలు పెట్టి చూడటం మాత్రం మానలేదు, ఆ అలవాటు తండ్రి దగ్గర బాగా పట్టాడు.

నాన్నకి ఎనభై దాటింది. పొద్దున నేను అరుగు మీద కూర్చుంటే ఆయన లోపలి నుంచి కుర్చీ జరుపుకుని గుమ్మం దగ్గరికి వస్తారు. చూపు తగ్గింది, చెవులు బానే ఉన్నాయి. గీస్తుంటే ఆ గరగరమనే చప్పుడు వింటూ కూర్చుంటారు. నేను ఎడమ మెడ దగ్గరికి వచ్చి రేజరు తిరగేస్తే, ఆయన మోచెయ్యి కూడా కొంచెం లేస్తుంది.

"బ్లేడు ఎన్నోసారిరా ఇది?"

"ఆరోసారి నాన్నా. రేపు మార్చేస్తాను."

"మార్చకు. ఆ చప్పుడుకి ఇంకో రెండుసార్లు వస్తాది."